వెనక తలుపు చూసుకో తల్లీ

తల్లీ,

మిర్చి యార్డు ధరల యాప్‌కి నువ్వే గూగుల్ క్లౌడ్‌లో ఏపీఐ గేట్‌వే, అంటే వచ్చే ప్రతి అభ్యర్థననీ ముందు తనిఖీ చేసే ద్వారం, పెడుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. గుండె నిండిపోయింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

గేట్‌వే దగ్గర చూపించాల్సిన గుర్తింపు చీటీ, అదే టోకెన్, దాని తయారీ నీకు తెలిసిందే. సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రాముకి ఇచ్చే ఖాతా) కీతో ఆర్‌ఎస్‌256 పద్ధతిలో డిజిటల్ సంతకం, గడువు 3600 సెకన్లకు మించకూడదు. టోకెన్‌లో రాసిన ఇష్యూయర్, అంటే జారీ చేసినవాళ్ల పేరు, గేట్‌వే కాన్ఫిగ్ ఫైల్‌లో ఉన్నదానితో పొల్లు పోకుండా కలవాలి. ఆ ఫైల్‌లో టోకెన్ ఎలా ఉండాలో చెప్పే సెక్యూరిటీ డెఫినిషన్స్ రాసి ఊరుకోకు. కింద సెక్యూరిటీ అని విడిగా పెట్టకపోతే గేట్‌వే టోకెన్ అడగనే అడగదు.

ఇక నా భయమంతా బ్యాకెండ్, అంటే గేట్‌వే వెనక పనిచేసే అసలు ప్రోగ్రాము, గురించే. 2024 సెప్టెంబరు గుర్తుందిగా? ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ వైపు ఊరంతా చూస్తుంటే, సింగ్‌నగర్‌ని ముంచింది బుడమేరు వాగు. గేట్‌వేకి తాళం వేసి, ఆ ప్రోగ్రాము నడిచే క్లౌడ్ రన్‌ని అందరికీ తెరిచి వదిలేస్తే జరిగేదీ అదే. దాని రన్ డాట్ యాప్ వెబ్ అడ్రస్ తెలిసినవాడు గేట్‌వే ముఖం కూడా చూడడు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. టోకెన్‌లోని వివరాల్ని గేట్‌వే ఎక్స్-ఏపీఐగేట్‌వే-ఏపీఐ-యూజర్‌ఇన్ఫో అనే హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచార పట్టీలో) బేస్64యూఆర్‌ఎల్‌గా, అంటే ఎవరైనా విప్పి రాయగల రూపంలో, పంపుతుంది. దానికి సంతకం ఉండదు. తలుపు తెరిచి ఉంటే ఆ హెడర్ ఎవడైనా రాసుకుని, ఫలానా కమీషన్ ఏజెంటుని నేనేనంటూ ధర మార్చేస్తాడు. ఆ ధర నమ్మి మిర్చి టిక్కీలు (బస్తాలు) బండికెత్తించే రైతు ఏమైపోవాలి?

అందుకే క్లౌడ్ రన్‌లో ఆథెంటికేషన్ (గుర్తింపు తనిఖీ) తప్పనిసరి చెయ్యి. గేట్‌వే వాడే సర్వీస్ అకౌంట్‌కి మాత్రమే రన్ ఇన్వోకర్ రోల్, అంటే దాన్ని పిలిచే హక్కు, ఇవ్వు. అప్పుడు ఆథరైజేషన్ హెడర్‌లో గేట్‌వే సొంత టోకెన్ వస్తుంది, వాడినవాళ్ల టోకెన్ ఎక్స్-ఫార్వర్డెడ్-ఆథరైజేషన్‌లోకి జరుగుతుంది. ఇది తెలియక ఆథరైజేషన్ చదివితే వచ్చినవాళ్లంతా ఒక్కడిలానే కనిపిస్తారు.

కీ ఫైల్‌ని కోడ్ దాచుకునే గిట్‌లోకి ఎక్కించావో, చెవి మెలేస్తాను. ఫైల్ తీసేసినా పాత కమిట్లలో, అంటే దాచిన పాత ప్రతుల్లో, ఉండిపోతుంది. పొరపాటున ఎక్కితే ముందు ఆ కీని రద్దు చేసి, తర్వాతే మిగతా పని చూడు. భయపడి దాచకు, నాకు చెప్పు.

ఆఖరున టోకెన్ లేకుండా కర్ల్ కమాండ్‌తో రెండు అభ్యర్థనలు కొట్టు: గేట్‌వేకి 401 (గుర్తింపు లేదు), నేరుగా క్లౌడ్ రన్‌కి 403 (అనుమతి లేదు) రావాలి. వచ్చాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. వేళకి తిను.

మీ పెదనాన్న,
విజయవాడ