టీటీఎఫ్-1 పాజిటివ్ అంటే ఆ ప్రొటీనే క్యాన్సర్ తెచ్చిందనా?

మీ నాన్నగారి ఊపిరితిత్తి బయాప్సీలో టీటీఎఫ్-1 పాజిటివ్ వచ్చిందని, పిండంలో పనిచేసే జన్యువు మళ్లీ మేలుకుని క్యాన్సర్ తెచ్చిందా అని అడిగారు. ఆ రిపోర్టుకు అర్థం అది కాదండీ. టీటీఎఫ్-1 అనేది కొన్ని అవయవాల కణాల్లో ఉండే ప్రొటీన్, ఆ కణం ఏ అవయవానిదో చెప్పే ఇంటిపేరు లాంటిది.

పిండంలో థైరాయిడ్, ఊపిరితిత్తులు ఏర్పడాలంటే ఈ ప్రొటీన్ ఉండాలి. 1996లో ఈ జన్యువు తీసేసిన ఎలుక పిల్లలు థైరాయిడే లేకుండా పుట్టాయి. పుట్టాక కూడా ఇది పోదు, గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాల్లో జీవితాంతం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అంతే. ఊపిరితిత్తి అడెనోకార్సినోమాల్లో (గ్రంథి కణాల తరహా క్యాన్సర్లలో) సుమారు నాలుగింట మూడు వంతులు ఆ ఇంటిపేరును నిలుపుకుంటాయి. అందుకే నెగెటివ్ వచ్చినా ఊపిరితిత్తిది కాదని తేల్చేయకూడదు.

తప్పులు జరిగేది స్లైడ్ దగ్గర. టీటీఎఫ్-1కు అతుక్కునే యాంటీబాడీ వేస్తే, అది ఉన్నచోట గోధుమ రంగు వస్తుంది. ఆ రంగు కణకేంద్రకంలో ఉంటేనే లెక్క. కాలేయ కణాల్లో కొన్ని యాంటీబాడీలతో కేంద్రకం చుట్టూ ఉన్న కణద్రవ్యమంతా రంగెక్కుతుంది, దాన్ని పాజిటివ్ అనకూడదు. ఇంకో ఉచ్చు ఉంది. పేగు క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకినప్పుడు గడ్డ అంచుల్లో మామూలు గాలిగది కణాలు ఇరుక్కుపోతాయి. వాటి కేంద్రకాలు చక్కగా గోధుమరంగులో మెరుస్తాయి. వాటినే గడ్డ కణాలనుకుంటే పేగుది కాస్తా ఊపిరితిత్తిదైపోతుంది! అనుమానం ఉంటే పక్కన సీడీఎక్స్2 (పేగు కణాలను గుర్తుపట్టే పరీక్ష) కూడా వేసి, గడ్డ కణాల ఆకారంతో పోల్చి చూడాలి. అసలు ఆ మామూలు కణాలకే రంగు రాకపోతే పరీక్షే పాడైంది, గడ్డ నెగెటివ్‌ను నమ్మకూడదు. దానికి తరచు కారణం, ముక్క పాడవకుండా నిలబెట్టే ద్రవమైన ఫార్మలిన్ సరిగ్గా వాడకపోవడం. ముక్కకు పది రెట్లు, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ పోసి, కనీసం 6 గంటలు, 72 గంటలు దాటకుండా ఉంచాలి.

పిండంలో పనిచేసే ఇలాంటి ప్రొటీనే నేరుగా క్యాన్సర్‌ను నడిపే సందర్భాలు వేరే ఉన్నాయి. పిల్లల్లో వచ్చే ఆల్వియోలార్ రాబ్డోమయోసార్కోమా అనే కండర తరహా క్యాన్సర్లలో చాలావాటిలో 2, 13 క్రోమోజోములు తెగి అతుక్కుని పాక్స్3, ఫాక్సో1 అనే రెండు జన్యువుల ముక్కలు కలిసిన కొత్త ప్రొటీన్ పుడుతుంది. అక్కడ కీడు ఆ అతుకుతోనే, మామూలు పాక్స్3 ఉండటంతో కాదు.

మీరిప్పుడు చేయాల్సింది: ల్యాబ్ నుంచి మైనపు బ్లాక్ (బయాప్సీ ముక్కను మైనంలో పొదిగిన దిమ్మ), స్లైడ్లు రెండూ తీసుకుని భద్రపరచండి. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులు వెతికే పరీక్షలు సాధారణంగా ఆ బ్లాక్ మీదే చేస్తారు, మందు ఎంపికకు అవి ముఖ్యం. ముక్క చిన్నదైతే అనవసరపు స్టెయిన్లకే (రంగు పరీక్షలకే) దాన్ని ఖర్చు చేయొద్దని ముందే చెప్పండి.