వాటర్లూ సీటా, ఫుట్‌బాలా?

ప్రశ్న: మేం కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉంటాం. మా అబ్బాయి పదకొండో గ్రేడ్. స్కూల్ ఫుట్‌బాల్ టీంలో (సాకర్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) లైన్‌బ్యాకర్, అంటే ఎదుటి జట్టుని అడ్డుకునేవాడు. సీఎఫ్ఎల్‌లో, అంటే కెనడా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, ఆడతానంటున్నాడు. వాటర్లూ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివించాలని మా కోరిక. అమెరికాలో ప్రెప్ స్కూల్లో, అంటే కాలేజీకి సిద్ధం చేసే ప్రైవేటు స్కూల్లో, వేస్తే కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందని కొందరంటున్నారు. ఏది మేలో పోల్చి చెప్పండి. మన వాళ్లకి ఏమని చెప్పుకోవాలో కూడా తెలియట్లేదు.

జవాబు: ‘మన వాళ్ల’ మాట చివర్లో రాశారు గానీ, అసలు బెంగంతా అక్కడే ఉన్నట్టుంది. ఇలాంటి ఉత్తరాల్లో ఆట పేరు మారుతుందే తప్ప ఆ వాక్యం మారదు.

ముందు స్థిమితపడండి. పదిహేడేళ్లకే తేల్చేయాల్సిన విషయం కాదిది. కెనడా కుర్రాళ్లు సీఎఫ్ఎల్‌కి వెళ్లేది చాలావరకు యూనివర్సిటీ మీదుగానే. మీరు కలగంటున్న వాటర్లూకీ ఫుట్‌బాల్ టీం ఉంది. 2022లో సీఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అక్కడి కవలల్లో క్వార్టర్‌బ్యాక్ ట్రే ఫోర్డ్‌ని ఎడ్మంటన్, డిఫెన్సివ్ బ్యాక్ టైరెల్ ఫోర్డ్‌ని విన్నిపెగ్ జట్లు తీసుకున్నాయి. డిగ్రీ చేతికొచ్చే వేళకి మీ వాడి సత్తా ఏమిటో వాడికే తెలుస్తుంది.

జీతం సంగతి దాచను. సీఎఫ్ఎల్‌లో ఉన్నవి తొమ్మిదే జట్లు. కనీస జీతం ఏడాదికి 70 వేల కెనడియన్ డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. కాంట్రాక్టు చేతిలో ఉన్నా ట్రైనింగ్ క్యాంప్‌లోనే ఇంటికి పంపేయొచ్చు. అయితే ప్రతి జట్టూ ఇంతమంది కెనడియన్లని ఆడించి తీరాలన్న నిబంధన ఉంది, మీ వాడికి అదే అండ. కిన్షాసాలో పుట్టి, చిన్నప్పుడే కెనడా వచ్చిన లైన్‌బ్యాకర్ హెనాక్ ముయాంబా 2011 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికయ్యాడు. 2022 గ్రే కప్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, టొరంటో 24-23తో గెలిచినప్పుడు ఉత్తమ ఆటగాడు, ఉత్తమ కెనడియన్ రెండూ అతనే. వలస వచ్చిన ఇంటి పిల్లాడే! అందరూ ముయాంబాలు కారనుకోండి.

నాకు నిజంగా అనుమానమున్నది ప్రెప్ స్కూల్ మీద. ఈమధ్య ఇదో మోజైపోయింది. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక అమెరికా కోచ్‌లు స్కూలు పిల్లల్ని తీసుకుని పెంచే బదులు వేరే కాలేజీలో రెండేళ్లు ఆడి ఒళ్లు గట్టిపడిన వాళ్లనే తెచ్చుకుంటున్నారు. 2021 నుంచి అక్కడి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు వాడుకుని ప్రకటనల్లాంటివాటితో సంపాదించుకోవచ్చన్నారు గానీ, స్టూడెంట్ వీసా మీదున్న పిల్లాడికి ఆ డబ్బు ముట్టుకోవడమే చిక్కు. చేతి డబ్బు పోసి, పిల్లాణ్ణి దూరం పంపి, రావచ్చో రాకపోవచ్చో తెలియని స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూడటం దేనికి? నేనైతే పంపను.

మీరు రాయనిది ఒకటుంది, దెబ్బలు. 2015లో మాంట్రియల్ డిఫెన్సివ్ బ్యాక్ జోనథన్ హెఫ్నీకి మెడ దగ్గర తగిలిన దెబ్బతో ఆటే ముగిసింది. అప్పట్లో గాయపడ్డవాళ్లకి వైద్య ఖర్చు ఏడాదే ఇచ్చేవారు, తర్వాత పెంచారు. నిజంగా భయపడాల్సింది దీనికి. తల దెబ్బల గురించి ఒంటారియోలో 2018లో రోవన్ చట్టం వచ్చింది. దాని కింద స్కూలు పంపిన కాగితం మీద సంతకం పెట్టే ఉంటారు. చదివారా? కోపం తెచ్చుకోకండి, ఉత్తరమంతా వెతికినా మీరు వాడి మ్యాచ్ చూసిన జాడ లేదు. ఏది మేలో పోల్చమన్నారు గానీ, వాడు ఎలా ఆడతాడో ఒక్క ముక్క రాయలేదు.

ఈ సీజన్లో ఒక మ్యాచ్‌కి వెళ్లి, అయ్యాక కోచ్‌ని విడిగా ఒకటే అడగండి: యూనివర్సిటీ టీంలో చోటు దక్కేంత ఆట వీడికుందా? లేదని ఆయన చెబితే వాదన అక్కడితో సరి. ఉందంటే పన్నెండో గ్రేడ్ అప్లికేషన్లలో వాటర్లూతో పాటు ఫుట్‌బాల్ టీం ఉన్న మరో రెండు యూనివర్సిటీలు పెట్టించండి. కోర్సు మాత్రం వాణ్ణే ఎంచుకోనివ్వండి.