రంధ్రమా, కుహరమా?

ప్రశ్న: మా బడిలో ఒక పిల్లవాడు 'పీల్చిన గాలి నాసికా రంధ్రాలలో వడకట్టబడి వెచ్చబడుతుంది' అని రాశాడు. 'నాసికా కుహరం' అనాలని నేను మార్కు తగ్గించాను. రెండు మాటలకూ అర్థం ఒకటేనని మా తెలుగు మాస్టారు అంటున్నారు. ఎవరిది ఒప్పు? కుహరానికి తెలుగు మాట ఉందా?
— ఒక సైన్స్ టీచర్, తిరుపతి

జవాబు: అమ్మా, మీ మాస్టారు నిఘంటువు పక్షాన మాట్లాడారు. 'కుహరం సుషిరం వివరం బిలం' అని మొదలుపెట్టి అమరకోశం రంధ్రాన్ని కూడా ఆ వరుసలోనే చేర్చింది. ఆ వరుస ఉన్నది పాతాళభోగి వర్గంలో, అంటే పాములున్న వర్గంలోనే. ఈ పాముల సంగతి గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

శాస్త్రం మాత్రం ఈ మాటలను పంచుకుంది. రంధ్రం వాకిలి, కుహరం లోపలి ఇల్లు. మనిషి ముఖంలో ఆ రెండూ పక్కపక్కనే ఉండడంతో తేడా పట్టించుకోం. తేడా తెలియాలంటే ఏనుగును చూడాలి. దాని ముక్కు రంధ్రాలు తొండం కొసన ఉంటాయి. అక్కడి నుంచి రెండు గొట్టాలు తొండం పొడవునా పైకి పోతేగానీ పుర్రెలోని కుహరం రాదు. మీకు దగ్గరి ఊరు శ్రీకాళహస్తి కథ కూడా ఇదే కదా! పాము మణులతో లింగాన్ని అలంకరిస్తే, ఏనుగు వచ్చి వాటిని తోసేసి నీళ్లు, పత్రి సమర్పించేది. పగబట్టిన పాము తొండంలో దూరింది, చివరికి రెండూ ప్రాణాలు విడిచాయి. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో ఈ కథ చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, ఆ పాము రంధ్రం దగ్గరే ఆగి ఉంటే ఏనుగు ఒక్క తుమ్ముతో వదిలించుకునేది. లోపలికి పోయింది కాబట్టే అంత కథ అయింది.

ఆ ఊరి పేరులోని 'హస్తి' కూడా ముక్కు గురించిన మాటే. హస్తం ఉన్నది హస్తి. మనకూ చేతులున్నాయి కదా, మనం హస్తులం ఎందుకు కాలేదు? పాణిని దీనికోసమే 'హస్తాజ్జాతౌ' అని వేరే సూత్రం రాశాడు. జాతిని చెప్పేటప్పుడే 'హస్తి' అవుతుంది, చేతులున్న మనిషి 'హస్తవాన్' అంతే. కరి అన్నా అదే వరస. చిత్తూరు వైపు తమిళం తెలిసినవారిని అడగండి, తొండాన్ని తుంబిక్కై అంటారు. చివర ఉన్న 'కై' చెయ్యే. ఏనుగు ముక్కును సంస్కృతమూ తమిళమూ చెయ్యి చేసేశాయి. మన తొండంలో మాత్రం చెయ్యి లేదు. అది సంస్కృత తుండం నుంచి వచ్చిందని కొందరు అంటారు, తుండమే ఇటు నుంచి అటు వెళ్లిందని మరికొందరు. తీర్పు చెప్పడానికి నేను తొందరపడను.

ఇక మీ పిల్లవాడి మార్కు. రంధ్రం మొదట్లోనే వెంట్రుకలు ఉంటాయి, పెద్ద దుమ్మును ఆపేది అవే. కాబట్టి 'వడకట్టడం' వరకు వాడు సగం ఒప్పు. గాలి వెచ్చబడి తేమ పట్టేది మాత్రం లోపల, పక్కగోడలకు ఒక్కోవైపు మూడేసి చొప్పున వంపు తిరిగి ఉన్న శుక్తికలు అనే సన్నని ఎముక మడతల మీదుగా పోయేటప్పుడు. వాటి పైపొరలో నెత్తురు నాళాలు దట్టంగా ఉంటాయి. జిగురుకు అంటుకున్న సన్న దుమ్మును గొంతువైపు తోసే నూగు కూడా ఎక్కువగా అక్కడే. వాసన తెలిసే చోటు ఇంకా పైన, కప్పు దగ్గర. మామూలు ఊపిరి గాలి అక్కడికి అంతగా చేరదు, అందుకే వాసన చూడాలంటే ఎగబీల్చాలి. నేనైతే అర మార్కు ఇచ్చేవాణ్ణి. అసలు కోత పెట్టాల్సింది 'వడకట్టబడి'కి. గాలిని ముక్కు వడకడుతుంది అంటే సరిపోయేదానికి ఈ 'బడ' ఎందుకు తల్లీ? పిల్లల తప్పు కూడా కాదులెండి, పాఠాలే అలా ఉన్నాయి.

కుహరానికి తెలుగు మాటంటారా, తొర్ర ఉంది గానీ అది చెట్టుకే బాగుంటుంది. పరీక్షలో కుహరం ఉండనివ్వండి. మాట్లాడేటప్పుడు 'ముక్కు లోపల' చాలు. డాక్టర్లూ 'ముక్కులో చుక్కలు వేసుకోండి' అనే చెబుతారు. ముక్కుపుటాలు వేరు, అవి కోపానికి అదిరే పక్క రెక్కలు. లోపలి అడ్డుగోడ వంకరపోతే పత్రికలు 'దూలం వంకర' అని రాస్తున్నాయి. దూలం నిలువుగా ఉండడం నేనెక్కడా చూడలేదు, అయినా జనం నోట పడిపోయింది కనుక ఊరుకుంటాను. 'ముక్కు బ్లాక్ అయింది' అంటే మాత్రం ఊరుకోను, 'దిబ్బడ వేసింది' అనే మాట ఇంకా బతికే ఉంది.