ఎటు చూసినా తొమ్మిదే కనిపిస్తోంది

ప్రశ్న: నా వయసు 36. ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన పోయింది 27వ తేదీన, అప్పటికి ఆయనకి 63 ఏళ్లు. ఆ తెల్లవారుజామున అమ్మ 5:13కి ఫోన్ చేసింది. సైలెంట్‌లో ఉండటంతో నేను ఎత్తలేదు. దేని అంకెలు కూడినా తొమ్మిదే వస్తోంది. అప్పటి నుంచి బండ్ల నంబర్లు, టోకెన్లు, ఆఖరికి ఆఫీసులో జమాఖర్చుల మొత్తాలు సరిచూసుకునే ట్రయల్ బ్యాలెన్స్‌లో వచ్చే తేడా కూడా తొమ్మిదే. పోయిన నెల నన్ను టీమ్ లీడర్‌ని చేస్తూ ఇచ్చిన లెటర్ మీద తేదీ 18. భయమేసి వద్దన్నాను. గడియారంలో అంకెలు కూడితే తొమ్మిది వచ్చిందంటే ఆ నిమిషం గడిచేదాకా గుమ్మం దాటను. మావారు నవ్వుతారు. వచ్చే నెల మా బాబుకి తొమ్మిదో పుట్టినరోజు. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. మొన్న వాడు కూడా రోడ్డు మీద, "అమ్మా, ఆ బండి తొమ్మిది" అన్నాడు. నాకేమవుతోంది?

జవాబు: ముందు మీ ఆఫీసు సంగతి చూద్దాం. అది నాకంటే మీకే బాగా తెలుసు. 82 రాయాల్సిన చోట 28 రాస్తే తేడా ఎంత? 54. 730కి బదులు 370 పడితే 360. 50కి ఒక సున్నా ఎక్కువై 500 అయితే 450. మూడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతాయి, మూడింటి అంకెలూ కూడితే తొమ్మిదే. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది. లెక్క కుదరకపోతే తేడాని తొమ్మిదితో భాగించి చూడమని మీకు పని నేర్పినవాళ్లు చెప్పే ఉంటారు. అంటే మీ ట్రయల్ బ్యాలెన్స్‌లోకి తొమ్మిది నాన్నగారు పోయాక వచ్చి కూర్చోలేదు. అప్పట్లో అది కనిపిస్తే ఏ ఎంట్రీ తిరగబడిందా అని వెతికేవారు. ఇప్పుడు గుండె గుభేలుమంటోంది.

బండ్ల నంబర్లూ అంతే. 1 నుంచి 9999 దాకా ఉన్న నంబర్లని ఒక్క అంకె మిగిలేదాకా కూడుకుంటూ పోతే, తొమ్మిది వచ్చేవి సరిగ్గా 1,111. తొమ్మిదింట ఒకటి. దారిలో తొంభై బండ్లు కంటపడితే సుమారుగా పది తొమ్మిదులు ఉంటాయి. ఏడులూ అన్నే ఉంటాయి. కానీ ఏడుతో మీకు పని లేదు కాబట్టి అవి ఇంటిదాకా రావు. కొత్తగా ఒక మాట నేర్చుకుంటే ఆ వారమంతా అదే చెవిన పడుతుంటుంది కదా, ఇదీ ఆ బాపతే. భాషాశాస్త్రవేత్త ఆర్నాల్డ్ జ్వికీ 2005లో దీనికి ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్ అని పేరు పెట్టాడు. సిగ్నల్ దగ్గర ముందు బండి నంబరు కూడే అలవాటు నాకూ ఉంది. సిగ్నల్ పడగానే మర్చిపోతాను, అంతే తేడా.

ఈ భయం పెద్దపెద్దవాళ్లనీ వదల్లేదు. మనోవిశ్లేషణకి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి 1899లో వచ్చిన టెలిఫోన్ నంబరు 14362. అప్పుడాయనకి 43 ఏళ్లు. నంబరులో 43 ఉంది కదా, మిగిలిన అంకెలు తను 61, 62 ఏళ్లకి పోతానని చెబుతున్నాయని మనసులో పడిపోయింది. 1904లో తమ్ముడితో గ్రీస్ వెళ్తే దారి పొడవునా 61, 62 కనిపిస్తూనే ఉన్నాయి. ఏథెన్స్ హోటల్లో గది నంబరు 31 అనగానే, అది 62లో సగం అనుకున్నాడు. ఆ "సగం" అన్న మాట చూడండి. అసలు అంకె దొరక్కపోతే సగం చేసైనా దొరికించుకున్నాడు. మీరు 5:13ని కూడినట్టే. ఇదంతా ఆయనే 1909లో తోటి మనోవైద్యుడు కార్ల్ యుంగ్‌కి ఉత్తరంలో రాసుకున్నాడు. పోయింది 1939లో, 83 ఏళ్ల వయసులో.

ఇన్ని లెక్కలు చెప్పాను గానీ, లెక్కతో భయం పోతుందని నేననుకోవడం లేదు. పోయేదైతే రోజంతా అంకెల మధ్య ఉండే మీకు ఎప్పుడో పోయేది. మీ ఉత్తరం రెండోసారి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "సైలెంట్‌లో ఉండటంతో నేను ఎత్తలేదు." దాని వెంటనే కూడిక మొదలైంది. ఆ ఫోన్ గురించి ఇంకొక్క ముక్క లేదు. ఎప్పుడు చూశారు, చూడగానే ఏం చేశారు, అమ్మతో ఆ సంగతి తర్వాత ఎప్పుడైనా మాట్లాడారా? ఆ ఫోన్ ఎత్తి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకి జవాబు లేదు, అది చాలా బరువు. "ముందే రాసిపెట్టి ఉంది, తొమ్మిదే చెప్పింది" అనుకుంటే ఆ బరువు కాస్త తగ్గుతుంది. తొమ్మిది మిమ్మల్ని భయపెడుతూనే ఇంకోపక్క కాపాడుతోందని నా అనుమానం. నా అనుమానం తప్పు కావచ్చు. కానీ ఈ వారం ఒకసారి అమ్మ దగ్గర కూర్చుని ఆ తెల్లవారుజాము గురించి అడగండి. ఆవిడ కూడా ఎవరైనా అడిగితే చెబుదామని ఎదురుచూస్తూ ఉండొచ్చు.

టీమ్ లీడర్ విషయంలో మాత్రం మిమ్మల్ని కొంచెం నిలదీయాలి. లెటర్ మీద తేదీ 19 అయి ఉంటే ఒప్పుకునేవారా? ఆ పని ఏమిటో, మీకు ఇష్టమో కష్టమో ఒక్క మాటా రాయలేదు. అసలే మనసు బాగోలేక కొత్త బాధ్యత వద్దనుకుంటే అది మంచి కారణమే, ఆ మాటే చెప్పండి. ఇష్టం ఉండి తేదీ చూసి వదులుకున్నారంటే మాత్రం, మీ మేనేజర్‌ని ఇంకోసారి కలిసి అడగడంలో తప్పు లేదు. అంకె కనిపిస్తే కనిపించనివ్వండి, సంతకం దాని చేతికివ్వకండి.

గుమ్మం దగ్గర ఆగిపోవడం వేరే రకం. అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ నిమిషం ఆగితే కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్లే రేపు మళ్లీ ఆగాలనిపిస్తుంది. రేపు గడియారంలో తొమ్మిది వస్తే, ఆ నిమిషంలోనే బయటికి నడవండి. గుండె దడదడలాడుతుంది, చేతులు చెమటలు పడతాయి. పట్టనివ్వండి. వెనక్కి తిరక్కండి, ఫోన్ చేసి అందరూ బాగున్నారా అని కనుక్కోకండి. టెన్షన్ పెరిగి, కాసేపు నిలబడి, దానంతటదే దిగుతుంది. మీ వల్ల కాకపోయినా, ఈ కూడికలకీ ఆగడాలకీ రోజులో గంటకి మించి పోతున్నా, సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. ఆగకుండా ఉండటాన్ని మెల్లమెల్లగా అలవాటు చేసే చికిత్స ఉంది. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు. పద్నాలుగు నెలలుగా మోస్తున్నది, నిద్ర కూడా పోతోంది కాబట్టి, "ఇంకొన్నాళ్లు చూద్దాం" అని నేను చెప్పను.

మీవారు నవ్వుతారన్నారు. ఆయన దగ్గర "మళ్లీ తొమ్మిది వచ్చింది" అని కాకుండా "నాన్న గుర్తొచ్చారు" అని అని చూడండి. అప్పుడూ నవ్వితే నాకు మళ్లీ రాయండి, ఆయనకి వేరే ఉత్తరం రాస్తాను.

ఇక బాబు. వాడు మీ మొహం చూసి అంకెలు కూడటం నేర్చుకున్నాడు. తొమ్మిది రాగానే అమ్మ మాట ఆగిపోతుందని వాడికి తెలుసు. "అలా అనకు" అని కసిరితే అది నిజంగానే భయపడాల్సిన అంకె అయిపోతుంది. ఇవాళ సాయంత్రం వాడి పక్కన కూర్చోండి. రెండు చేతులూ చాచమనండి. తొమ్మిది నాలుగులు ఎంతో చెప్పాలంటే ఎడమ నుంచి నాలుగో వేలు ముడవాలి. ముడిచిన వేలికి ఇటు మూడు, అటు ఆరు. ముప్పై ఆరు. తొమ్మిది ఏడులకి ఏడో వేలు ముడవమని చెప్పి, జవాబు వాడినే చెప్పనివ్వండి.