రెక్క ప్యానెల్ కొలతలు మోడల్‌తో కలవకపోతే యంగ్స్ మాడ్యులస్ తగ్గించవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రెక్క ప్యానెల్‌ను ఒక చివర బిగించి, రెండో చివర బరువు వేలాడదీశారు. రెండు కెమెరాలతో డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ పద్ధతిలో (ప్యానెల్ మీద వేసిన చుక్కలు ఎంత జరిగాయో ఫొటోలు పోల్చి లెక్కించడం) కొలిచిన వంపు, ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (ప్యానెల్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్లో చేసే లెక్క) చెప్పినదానికంటే 16 శాతం ఎక్కువ వచ్చింది. మోడల్‌లో యంగ్స్ మాడ్యులస్, అంటే లోహం సాగకుండా ఎంత బిగువుగా ఉంటుందో చెప్పే విలువ, తగ్గిస్తే రెండూ కలుస్తున్నాయి, తగ్గించవచ్చా అని.

వద్దు. విమానాల్లో సాధారణంగా వాడే అల్యూమినియం మిశ్రమాల మాడ్యులస్ 70 నుంచి 73 గిగాపాస్కల్స్ మధ్య ఉంటుంది. దాన్ని 63కు దించితే గ్రాఫులు కలుస్తాయి గాని, అలాంటి రేకు మీకు ఎవరూ అమ్మరు. ముందు మైక్రోమీటర్ తీసుకుని మందం నాలుగైదు చోట్ల కొలవండి. వంపు మందం ఘనానికి విలోమంగా మారుతుంది. 2 అనుకున్నది 1.9 ఉంటే చాలు, వంపు దాదాపు 17 శాతం పెరిగిపోతుంది.

మందం సరిగ్గానే ఉంటే బిగింపును అనుమానించాలి. నేను వరంగల్‌లో ఎం.టెక్. చేస్తున్నప్పుడు మా ప్యానెల్‌ను రెండు ఉక్కు దిమ్మెల మధ్య బోల్టులతో బిగించేవాళ్లం. మోడల్‌లో ఆ అంచు కదలనే కదలదు. దిమ్మె వెనక డయల్ గేజీ ఆనించి బరువు వేస్తే మాత్రం సూది మెల్లగా జరిగేది. బిగించిన చివర 0.1 డిగ్రీ తిరిగితే 800 మిల్లీమీటర్ల దూరంలో అది 1.4 మిల్లీమీటర్లు అవుతుంది.

రెంటిలో ఏది కారణమో తేల్చడానికే కెమెరా కొలతలు. చివరి బిందువు ఒక్కటే చూస్తే బిగింపు లోపమూ మందం లోపమూ ఒకేలా కనిపిస్తాయి. కొలతలోంచి మోడల్ విలువను తీసేసి, మిగిలిన తేడాను ప్యానెల్ పొడవునా గీయండి. అది సరళరేఖగా పెరిగితే బిగించిన చివర తిరుగుతోంది. వంపుతో పాటే వంగుతూ, ప్రతిచోటా దాదాపు అదే శాతం వస్తే మందమో, మాడ్యులసో, వేసిన బరువో తప్పు. నా మట్టుకు ఈ ఒక్క గ్రాఫు పది రంగుల పటాలకంటే ఎక్కువ చెబుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వస్తువు మొత్తంగా జరగడాన్ని, తిరగడాన్ని తీసేసే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. దాన్ని ప్యానెల్ అంతటికీ వాడితే మీరు వెతుకుతున్న ఆ సరళరేఖే మాయమవుతుంది. అందుకే ఉక్కు దిమ్మెకు కూడా చుక్కలు వేయండి, దాని కదలిక విడిగా తెలుస్తుంది.

చుక్కల విషయానికొస్తే, మెరుపు లేని తెల్ల రంగు మీద నల్ల చుక్క ఒక్కొక్కటి 3 నుంచి 5 పిక్సెళ్లు ఉండాలి. ముగ్గు చుక్కల్లా వరసగా పెడితే ఏ చుక్క ఏదో సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేదు. చిందరవందరగా ఉండాలి. మేం హనుమకొండ చౌరస్తా దగ్గర కొన్న స్ప్రే డబ్బాతోనే పని కానిచ్చాం.

బరువు వేయకముందు ఏమీ కదపకుండా కొన్ని ఫొటోలు తీసి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చండి. అప్పుడు కనిపించే కదలికంతా నిజం కాదు, మీ కొలతలోని గోలే (నాయిస్). మే నెల మధ్యాహ్నం మా గదిలో సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే అది స్పష్టంగా పెరిగేది, వేడి గాలి కదిలి చిత్రం వణికేది. ఫ్యాను ఆపి చెమటలు కక్కుతూ ఫొటోలు తీశాం. కెమెరాలు కూడా వేడెక్కి నిలకడకు రావడానికి కొంత సమయం తీసుకుంటాయి. స్ట్రెయిన్, అంటే లోహం సాగిన పాలు, చాలా తక్కువగా ఉన్నచోట కెమెరాను నమ్మకుండా వెనకవైపు దాన్ని నేరుగా కొలిచే స్ట్రెయిన్ గేజీ ఒకటి అతికించండి.

కొలత చూసి మోడల్‌ను మార్చాక అదే కొలతతో మోడల్ సరైనదని చెప్పుకోకూడదు. అది సర్దుబాటే, ధ్రువీకరణ కాదు. పెద్ద విమానాలకైనా అంతే. సేవలో రాగల గరిష్ఠ భారానికి 1.5 రెట్లు రెక్క తట్టుకోవాలని నిబంధన. 1995లో బోయింగ్ 777 రెక్క 1.54 రెట్ల దగ్గర విరిగింది. 2006లో ఎయిర్‌బస్ ఎ380 రెక్క 1.5కు కొంచెం ముందే విరిగింది. లెక్కలు రెండు సంస్థల దగ్గరా ఉన్నాయి, అయినా విరిచి చూశారు.

కాబట్టి తప్పు బిగింపుదే అయితే, మోడల్‌లో దాన్ని కదలని అంచుకు బదులు కొంచెం తిరగగల స్ప్రింగుగా మార్చి సరిచేశాక, బరువును చివరి అంచు మధ్యలోంచి తీసి ఒక మూలకు వేలాడదీయండి. ప్యానెల్ మెలితిరుగుతుంది. ఆ కొలత చూడకముందే మోడల్ అంచనాను కాగితం మీద రాసి మీ గైడ్ చేతికివ్వండి. అదీ కలిస్తే థీసిస్‌లో ధైర్యంగా రాయవచ్చు.