కారు కంటే ముందు ఇల్లు చూసుకోండి అన్నా

మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం, ఆఫీసు అమీర్‌పేటలో, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, కారుకు లోన్ తీసుకోవాలా అని అడిగారు కదా. ఇప్పుడే తీసుకోకండి. మాది నల్లగొండ, ఆరేళ్లుగా ఇక్కడ కారు లేకుండానే ఉంటున్నాం.

ఎల్‌బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు చూడండి, కిరాయి రెండు వేలు ఎక్కువైనా సరే. ఎల్‌బీనగర్–మియాపూర్ లైన్‌లో అమీర్‌పేటకు మధ్యలో రైలు మారే పని లేదు, మీ ఊరి బస్సులు కూడా ఎల్‌బీనగర్‌లో ఆగుతాయి కాబట్టి పండక్కి ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా మూటలు మోయక్కర్లేదు. బడి మాత్రం నడిచే దూరంలోనే ఉండాలి, ఇందులో అస్సలు రాజీ పడకండి. చిన్నోడికి జ్వరమని టీచర్ ఫోన్ చేస్తే మా ఆవిడ పది నిమిషాల్లో వెళ్లి తీసుకొస్తుంది.

మహాలక్ష్మి పథకం వచ్చిన 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. మెట్రో రైలుకు ఇది లేదు.

అమ్మ కోసం మీ వీధిలో ఉండే ఆటో అతని నంబర్ ముందే తీసి పెట్టుకోండి. ఒక రాత్రి యాప్‌లో బండి దొరక్క, ఒళ్లు కాలిపోతున్న పాపను భుజాన వేసుకుని వానలో అరగంట నిలబడ్డాను, ఆ టెన్షన్ మీకు వద్దు. ఇప్పుడైతే ఎంత రాత్రైనా ఫోన్ చేస్తే మా ఆటో అన్న గేటు ముందుకే వస్తాడు.