వారసత్వ పన్ను వస్తుందట, ఇల్లూ పొలం ఇప్పుడే పిల్లల పేర రాసేయాలా?

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు రాశారు. వయసు 64. ఇల్లు ఒక 80 లక్షలు చేస్తుంది, 2 ఎకరాల పొలం కోటీ 20 లక్షల దాకా పలుకుతోంది, బ్యాంకులో 22 లక్షల ఎఫ్‌డీలు, ఆవిడకి కొంత బంగారం. అబ్బాయి అమెరికాలో, టెక్సస్‌లో హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నాడు, అమ్మాయి హైదరాబాద్‌లో, అల్లుడి ఐటీ ఉద్యోగం ఈమధ్యే పోయింది. "డబ్బున్నోళ్ళకీ లేనోళ్ళకీ తేడా పెరిగిపోయింది కాబట్టి వారసత్వ పన్ను మళ్ళీ తెస్తారని వాట్సాప్‌లో ఒకటే గోల, మా తర్వాత పిల్లలు సగం ప్రభుత్వానికి కట్టాలట, ఇప్పుడే పొలం అబ్బాయికి, ఇల్లు అమ్మాయికి గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేసేసి, ఎఫ్‌డీలు తీసేసి బంగారం కొనుక్కోమంటారా?" ఇదీ ఆయన ప్రశ్న.

మాస్టారూ, వద్దండి. రెండూ వద్దు. రిజిస్ట్రేషన్‌కి స్లాట్ గానీ బుక్ చేసుంటే ముందు అది క్యాన్సిల్ చేయించి తర్వాత మిగతాది చదవండి.

ఇవాళ మన దేశంలో వారసత్వ పన్ను లేదు. ఒకప్పుడు ఉండేది, ఎస్టేట్ డ్యూటీ అని, 1953లో తెచ్చారు, పై స్లాబులో 85 శాతం దాకా వెళ్ళింది, 1985లో వీపీ సింగ్ గారు ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు తీసేశారు. ఎందుకంటే అంత పెద్ద రేటు పెట్టినా ఏడాదికి వచ్చేది 20 కోట్ల చిల్లర, వసూలు చేయడానికయ్యే ఖర్చేమో ఎక్కువ. సంపద పన్ను ఇంకోటి, 1957 నుంచి 2015 దాకా ఉంది, 2013-14లో దేశం మొత్తం మీద 1,008 కోట్లు వచ్చింది, అంతే. ఇంత తక్కువ ఎందుకొచ్చిందంటే రెండో ఇల్లు, కారు, నగలు, టౌన్లో ఖాళీ స్థలం లాంటివాటి మీదే వేశారు, షేర్లని వదిలేశారు, అసలు పెద్ద పెద్దోళ్ళ డబ్బంతా ఉండేది షేర్లలోనే కదా. అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ గారు దాన్ని తీసేసి, ఏడాదికి కోటి పైన ఆదాయం ఉన్నవాళ్ళ మీద ఇంకో 2 శాతం సర్‌ఛార్జ్, అంటే పన్ను మీద అదనపు పన్ను, వేశారు.

మరి ఈ గోల ఎక్కడ్నుంచి వచ్చింది? 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల మధ్యలో, కాంగ్రెస్ నాయకుడు శామ్ పిట్రోడా అమెరికాలో ఉన్న వారసత్వ పన్ను గురించి మాట్లాడారు, ప్రధాని మోదీ దాన్ని సభల్లో పట్టుకున్నారు, కాంగ్రెస్ అది మా పాలసీ కాదంది, అయినా ఆ భయం మాత్రం ఫోన్లలో అలా తిరుగుతూనే ఉంది. అమెరికాలో కూడా ఆ ఏడాది 1 కోటీ 36 లక్షల డాలర్ల దాకా ఎస్టేట్ (చనిపోయినవాళ్ళు వదిలిన ఆస్తి) మీద ఫెడరల్ పన్ను లేదు, అంటే మన లెక్కలో 110 కోట్లు పైమాటే. ఇక మన దగ్గర ఈ పన్ను కావాలనేవాళ్ళు ఏమడుగుతున్నారో కూడా చూడండి. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు, ఫ్రెంచ్ ఆర్థికవేత్త పికెట్టీ కూడా ఉన్న టీమ్, 2024 మార్చిలో ఒక లెక్క ఇచ్చారు, 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం, ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరే ఉందని. తర్వాత మే నెలలో ఒక ప్రతిపాదన పెట్టారు, 10 కోట్లు దాటిన ఆస్తి మీద ఏటా 2 శాతం సంపద పన్ను, 10 కోట్లు దాటిన ఎస్టేట్ మీద 33 శాతం వారసత్వ పన్ను. అది పడేది పెద్దవాళ్ళ జనాభాలో 0.04 శాతం మందికి, అంటే పదివేల మందిలో నలుగురికి. మీ ఆస్తంతా కలిపినా రెండున్నర కోట్ల చుట్టుపక్కల. రేపు పొద్దున ఆ ప్రతిపాదన ఉన్నది ఉన్నట్టు చట్టం అయిపోయినా మీ పిల్లలు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

ఇప్పుడు మీరు చేద్దామనుకున్న పని సంగతికొద్దాం, అసలు నాకు భయం వేసింది ఇక్కడే. అబ్బాయి ఎన్నారై. ఫెమా, అంటే విదేశీ మారక చట్టం, రూల్స్ ప్రకారం ఎన్నారైకి వ్యవసాయ భూమి గిఫ్ట్‌గా ఇవ్వకూడదు, కన్నతండ్రి ఇచ్చినా సరే. ఇల్లో ఫ్లాటో అయితే ఇవ్వొచ్చు, పొలం మాత్రం కుదరదు. అదే పొలం మీ తర్వాత వారసత్వంగా వస్తే ఏ ఇబ్బందీ లేదు, నిక్షేపంగా తీసుకోవచ్చు, కాకపోతే ఎప్పుడైనా అమ్ముకోవాలంటే ఇక్కడ నివసించేవాళ్ళకే అమ్మాలి. అంటే లేని పన్ను తప్పించుకోడానికి వెళ్ళి ఉన్న చట్టంలో ఇరుక్కుంటారన్నమాట. అక్కడ అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి, ఇక్కడ్నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటిన గిఫ్టో వారసత్వమో అందితే అమెరికాలో ఫారం 3520 వేయాలి, పన్నేమీ ఉండదు, తెలియజేయడమే, కానీ వేయకపోతే పెనాల్టీ గట్టిగా ఉంటుంది.

ఇల్లు అమ్మాయికి రాయడం చట్టప్రకారం తప్పేం కాదు. అయినా ఇప్పుడు రాయొద్దంటాను. అమ్మాయి మీద అనుమానంతో అనట్లేదు సార్, అల్లుడికి ఉద్యోగం లేదు, ఈఎంఐలు నడుస్తుంటాయి, అలాంటప్పుడు ఆస్తి వాళ్ళ పేర ఉంటే తాకట్టుకి వెళ్ళేది మొదట అదే, వెళ్ళాక మీరిద్దరూ ఎక్కడుంటారు? సీనియర్ సిటిజన్స్ చట్టం 2007లో సెక్షన్ 23 ఉంది, చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చి, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు, కానీ ఆ షరతు డీడ్‌లో రాసుండకపోతే తర్వాత నానా తంటాలు, పైగా కన్నబిడ్డ మీద ట్రిబ్యునల్‌కి వెళ్ళే రోజు ఎవరికీ రాకూడదు. పోనీ పన్ను కలిసొస్తుందా అంటే అదీ లేదు, గిఫ్ట్‌గా వచ్చినా విల్లు ద్వారా వచ్చినా పిల్లలు అమ్మినప్పుడు క్యాపిటల్ గెయిన్స్‌కి, అంటే అమ్మిన లాభం మీద పన్నుకి, మీరు కొన్న ధరే లెక్క. స్టాంప్ డ్యూటీ ఖర్చు మాత్రం ఇప్పుడే చేతి నుంచి పోతుంది.

విల్లు రాయండి. స్టాంప్ డ్యూటీ లేదు, ఇద్దరు సాక్షులు చాలు, ఆస్తి అందుకునేవాళ్ళని సాక్షులుగా పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ముందు ఆవిడకి, ఆవిడ తర్వాత పిల్లలకి అని రాయండి, చాలామంది ఇక్కడ భార్యని మర్చిపోతారు, నాకు కోపం వచ్చేది అదే. పొలం మీ స్వార్జితమా పిత్రార్జితమా అన్నది మీరు రాయలేదు, పిత్రార్జితం అయితే విల్లు మీ వాటా వరకే చెల్లుతుంది, కాబట్టి ఆ పాత కాగితాలన్నీ తీసుకుని ఒకసారి లాయర్ దగ్గర కూర్చోండి.

ఎఫ్‌డీల విషయం. బంగారం మీ ఇంట్లో ఆల్రెడీ ఉంది, దాంతో నెలనెలా ఇల్లు గడవదు. ఎఫ్‌డీలు మెచ్యూర్ అయ్యే కొద్దీ ఒక 15 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లోకి మార్చండి, 2025లో రేటు 8.2 శాతం, ఆ లెక్కన 3 నెలలకోసారి 30,750 చేతికొస్తుంది. మిగిలిన 7 లక్షలు రెండు బ్యాంకుల్లో ఉంచండి, ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకానే ఇన్సూరెన్స్ ఉంటుంది కాబట్టి.

పన్నులు పెంచాలా వద్దా అని కూడా అడిగారు చివర్లో. నా అభిప్రాయం దాచుకోను, బాగా పైనున్నవాళ్ళ మీద పెంచాలి. దేశం మొత్తం ఆదాయం పెరుగుతూనే ఉంది, కానీ కుటుంబాల నికర ఆర్థిక పొదుపు, అంటే అప్పులు పోగా మిగిలేది, 2022-23లో జీడీపీలో 5 శాతం చుట్టూ పడిపోయింది, అది నా దగ్గరికొచ్చే వాళ్ళ పాస్‌బుక్కుల్లో రోజూ కనిపిస్తూనే ఉంది, కిందివాళ్ళు కరిగిపోతున్నారు. 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, 2023లో ఆదాయపన్ను కొత్త విధానంలో 5 కోట్లు దాటిన ఆదాయం మీద సర్‌ఛార్జ్ 37 నుంచి 25కి తగ్గించారు, 2023-24 వచ్చేసరికి వ్యక్తుల ఆదాయపన్ను దాదాపు 10.4 లక్షల కోట్లు, కంపెనీలది 9.1 లక్షల కోట్లు. వ్యక్తులు కంపెనీల కన్నా ఎక్కువ కట్టారు. సబ్బు కొనే కూలీ కూడా జీఎస్‌టీ కడతాడు, అందరికీ ఒకటే రేటు. 2025 బడ్జెట్‌లో కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయపన్ను లేకుండా చేశారు, అది మంచి పనే, కానీ ప్రభుత్వాసుపత్రిలో మంచాలకి డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. వందల కోట్ల షేర్లు తాత నుంచి మనవడికి పైసా పన్ను లేకుండా వెళ్తుంటే ఆ భారం ఇంకెవరి మీదో పడుతుంది. పాత సంపద పన్నులాగా షేర్లని వదిలేసి వేస్తే మాత్రం మళ్ళీ అదే 1,008 కోట్ల కథ అవుతుంది.

మీకు ఎవరూ వేయకుండానే పడే పెద్ద పన్ను హాస్పిటల్ బిల్లు. మీ ఇద్దరికీ హెల్త్ పాలసీ ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్‌టీ లేదు, బీపీ షుగర్ ఉంటే దాచకుండా రాయండి, ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ 3 ఏళ్ళకి మించదు.

అమ్మాయికి ఇవ్వాలనిపిస్తే ఇల్లు వద్దు, ఎఫ్‌డీలోంచి ఒక ఆరు నెలల ఈఎంఐకి సరిపడా ఇవ్వండి, తండ్రి ఇచ్చిన డబ్బుకి ఆమె పన్ను కట్టక్కర్లేదు, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేసి ఒక చిన్న కాగితం రాసుంచుకోండి చాలు. అల్లుడికి కంపెనీ ఇచ్చిన హెల్త్ కవర్ ఉద్యోగంతోపాటే పోయుంటుంది, పిల్లలున్న ఇల్లు, ఆ సంగతి ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి.